ఉప్పు, పులుపు, నూనె, నీసు

అన్నం పారేస్తే పాపమని మా అమ్మ నేర్పింది. ఆ పాపం అంటకుండా ఉండాలని నేను చేసిన పాపాల పట్టీ ఇది. చచ్చినవాళ్లు తిరిగొచ్చి సాక్ష్యం చెప్పరు గనక నేనే చెప్పుకుంటున్నాను. చచ్చినవి వానపాములు. ఎన్నని అడక్కండి. కిలోకి సుమారు వెయ్యి తూగుతాయంటారు. నేను కిలోల్లో కొన్నాను.

తెలియక చేశానని తప్పించుకోవడానికి కూడా నాకు వీల్లేదు. నేను జువాలజీ లెక్చరర్‌గా రిటైరయ్యాను. ఉద్యోగమంతా విజయవాడ చుట్టుపక్కల జూనియర్ కాలేజీల్లోనే గడిచింది. వానపాము పాఠం వచ్చిందంటే నాకు పండగ. ఫెరిటిమా పోస్తుమా బొమ్మ పుస్తకం చూడకుండా బోర్డు మీద గీసేవాణ్ణి. 14, 15, 16 ఖండితాల మీద క్లైటెల్లం, ఎనిమిదో ఖండితంలో అంతరజఠరం. నోట్లో పళ్లు లేవు, ఒంట్లో ఊపిరితిత్తులు లేవు, తడిగా ఉన్న చర్మంతోనే శ్వాస. “చర్మం ఆరిందా, వానపాము పోయినట్టే. రాసుకోండి, పరీక్షలో వస్తుంది” అనేవాణ్ణి. పిల్లలు రాసుకున్నారు. నేనే ఎక్కడా రాసుకున్నట్టు లేను.

2021 అక్టోబర్ 2న బెంజ్ సర్కిల్‌లో చెత్త బళ్లకు జెండా ఊపారు. తర్వాత పటమటలో మా ఇంటికి కూడా మూడు బుట్టలొచ్చాయి. తడి చెత్తకు పచ్చది, పొడి చెత్తకు నీలం, ప్రమాదకరమైన సరుకుకు ఎరుపు. ఊళ్లో అందరికీ అవి బుట్టలు. నాకు మాత్రం సవాలు. బండి వచ్చినప్పుడు మా పచ్చబుట్ట ఖాళీగా ఉండాలని పట్టుదల పట్టాను. “మాది మేమే చూసుకుంటాం” అని బండితో వచ్చిన అమ్మాయికి చెప్పడంలో ఉన్న సుఖం, ఆ అమ్మాయికి ఎంత విసుగు తెప్పించిందో ఇప్పుడు తలచుకుంటే సిగ్గేస్తుంది.

బందరు రోడ్డు మీద కంకిపాడు దాటాక లోపలికి వెళ్తే ఒక రైతు తాటాకుల పాక కింద వానపాముల ఎరువు తయారుచేస్తాడు. అక్కడికి వెళ్లాను. ఆయన తొట్టిలో చెయ్యి పెట్టి, గుప్పెడు తీసి చూపించాడు.

“మీరు కాలేజీలో కోసిన రకం కాదండి ఇది మాస్టారూ. అది మట్టి తింటా కిందకి పోద్ది. ఇది పైపైనే ఉండి కుళ్లింది తింటది.”

ఐసీనియా ఫెటిడా అని నేను పేరు చెప్పాను. పక్క తొట్టిలో ఉన్న పొడుగాటివి యూడ్రిలస్ అనీ, పశ్చిమాఫ్రికా నుంచి వచ్చాయనీ కూడా చెప్పాను. ఆయన ఓపిగ్గా విని, తను చెప్పాల్సింది చెప్పాడు. “ఉప్పు, పులుపు, నూనె, నీసు. ఈ నాలుగూ లోపలికి పోకూడదండి. పచ్చి పేడ వెయ్యమాకండి, పదిహేను ఇరవై రోజులు మాగనివ్వండి. తడి చూసుకోండి. అంతే, ఇంకేం లేదు.” నేను తలూపి, వానపాము ఉభయలింగి జీవి అన్న విషయం ఆయనకు వివరించడం మొదలుపెట్టాను.

ఆ నాలుగూ తీసేస్తే కృష్ణా జిల్లా వంటింట్లో మిగిలేదేమిటని ఆ రోజే ఆలోచించి ఉంటే ఈ స్వగతం అవసరం ఉండేది కాదు.

మేడ మెట్ల కింద పాత నీళ్ల డ్రమ్ము కోయించి, అడుగున చిల్లులు పెట్టించాను. కొబ్బరి పీచు, ఎండిన అరటాకులు, చింపిన పేపర్లు, మాగిన పేడ పరిచి, కంకిపాడు నుంచి తెచ్చిన వానపాముల్ని వదిలాను. మొదట్లో అంతా శుభ్రంగా సాగింది. బీరకాయ చెక్కు, ఆనపకాయ చెక్కు, తోటకూర కాడలు, అరటి తొక్క, కాచిన టీ పొడి. మంచి వాతావరణం దొరికితే అవి రోజుకి తమ బరువులో సగం దాకా తింటాయి. నేను డ్రమ్ము దగ్గర కుర్చీ వేసుకుని కూచునేవాణ్ణి. మా ఆవిడ అప్పుడే అంది, “మీకు వినేవాళ్లు దొరికారు” అని.

సంక్రాంతికి చుట్టాలొచ్చారు. కొండెక్కి దుర్గమ్మను చూసుకుని పులిహోర ప్రసాదం తెచ్చారు. ఇంట్లో మేము కలిపిన పులిహోర అప్పటికే బేసిన్‌తో ఉంది. కనుమ నాటికి రెండూ మిగిలాయి. అమ్మవారి ప్రసాదాన్ని పచ్చబుట్టలో వేయడానికి చెయ్యి రాలేదు. రైవస్ కాలవలో కలుపుదామంటే కాలవ వాలకం చూసి మనసొప్పలేదు. సరే, నాలుగు నోళ్లు తింటాయి, అంతకంటే పుణ్యమేముందని మొత్తం డ్రమ్ములో పోసి పైన పేపరు కప్పాను. చేతులు కడుక్కుని వచ్చాక మనసు ఎంత తేలికపడిందో చెప్పలేను. నన్ను చెడగొట్టింది ఆ తేలికే.

వానపాము అన్నం తినదు. అన్నం మీద పెరిగే సూక్ష్మజీవుల్ని, అవి మెత్తబరిచిన పదార్థాన్ని తింటుంది. బీర చెక్కు పల్చగా విడివిడిగా పడుతుంది, గాలి ఆడుతుంది, నెమ్మదిగా కుళ్లుతుంది. పులిహోర ముద్ద కట్టింది. లోపలికి గాలి పోలేదు. నూనె పైన పూత వేసింది. చింతపండు పులుపు ముందే ఉంది, అన్నం పులిసిన పులుపు దానికి తోడైంది. వాసన మెట్లెక్కి హాల్లోకి వచ్చింది. డ్రమ్ములో ఎర్రలన్నీ ఒక అంచుకి చేరి, ముద్ద వైపు కన్నెత్తి చూడలేదు. కళ్లు లేవనుకోండి.

కొన్నాళ్లకు పేపరు ఎత్తి చూస్తే ముద్ద చుట్టూ సన్నటి తెల్లటి జీవులు బోలెడు కదులుతున్నాయి. నా ఆనందం చూడాలి. పిల్లలు పుట్టాయని వీధిలో చెప్పాను. పక్కింటి పిన్నిగారిని పిలిచి చూపించాను. ఆవిడ కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుని “శుభం” అంది. తర్వాతి వారం నా పాత విద్యార్థి ఒకడు చూడ్డానికి వచ్చాడు. ఇప్పుడు వాడు డిగ్రీ కాలేజీలో జువాలజీ చెబుతున్నాడు. వంగి చూసి, కాసేపు నసిగి, “సార్, వీటి పిల్లలైతే ఒంట్లో లేత ఎరుపు రక్తనాళం కనపడాలి కదా సార్. ఇవి ఎంకిట్రేయిడ్లు. పులిసిన చోట బాగా పెరుగుతాయి. వీటివల్ల నష్టం లేదు గానీ, ఇవి ఇన్ని ఉన్నాయంటే బెడ్ పులిసిపోయిందని” అన్నాడు. వాడికి ఇంటర్ ప్రాక్టికల్స్‌లో నేను మార్కులు తక్కువ వేశానని ఆ సాయంత్రమే గుర్తొచ్చింది.

చార్లెస్ డార్విన్ చనిపోవడానికి ముందు ఏడాది, 1881లో, వానపాముల మీద ఒక పుస్తకం అచ్చువేశాడు. కుండీల్లో మట్టిపోసి వాటిని ఇంట్లోనే పెంచాడు. పియానో వాయించి, బసూన్ ఊదించి, వాటికి వినపడదని తేల్చుకున్నాడు. అయితే ఆ కుండీని పియానో మీదే పెట్టి మీట నొక్కితే అదురుకి బొరియల్లోకి దూరాయట. ఏ ఆకు పెడితే తిన్నాయో, ఏది వదిలేశాయో రాసుకున్నాడు. క్యారెట్ ఆకంటే వాటికి మహా ఇష్టమని తెలుసుకున్నాడు. ఇదంతా నేను క్లాసులో కథగా చెప్పేవాణ్ణే. ఆయన పెట్టి చూసేవాడు. నేను పెట్టి వచ్చేసేవాణ్ణి. చూస్తే మళ్లీ మనసు బరువెక్కుతుందేమోనని భయం.

ముద్ద తీసి పారేసి, గుడ్డు పెంకులు పొడికొట్టి చల్లి, ఎండు పేపరు కలిపి, కొన్నాళ్లు ఏమీ పెట్టకుండా వదిలేశాక బెడ్ కోలుకుంది. బుద్ధి మాత్రం కోలుకోలేదు.

ఎండలు మొదలయ్యాక బత్తాయి తొక్కల సంగతి. జ్యూస్ బండి అబ్బాయి రోజూ గోనెడు తొక్కలు రోడ్డు వారన పోస్తున్నాడు. ఊరికే పోతున్న సరుకు చూస్తే నాకు ఆగదు. గోనె స్కూటరు మీద పెట్టుకుని తెచ్చి డ్రమ్ములో కుమ్మరించాను. పండు తిన్నాక ఒకటీ అరా తొక్క పడితే ఏమీ కాదు. గోనెడు పడితే రెండు రకాలుగా చంపుతుంది. ఒకటి పులుపు. రెండోది తొక్కలో ఉండే నూనె. దాని ముఖ్య పదార్థం లిమొనీన్, పురుగుమందుల్లో కూడా వాడతారు. చేత్తో తొక్క చిదిమితే కళ్లు మండేది అదే. ఒళ్లంతా పల్చటి చర్మమే అయిన జీవికి అది ఎలా ఉంటుందో ఒక్క క్షణం ఆగి ఆలోచిస్తే తెలిసేది. మర్నాడు ఎర్రలు గోడలెక్కి మూత లోపలివైపు అంటుకుని ఉన్నాయి. వేడికి చల్లగాలి కోసం పైకొచ్చాయని మా ఆవిడకు చెప్పాను.

నీసు విషయం త్వరగా ముగిస్తాను. అందులో నా పాత్ర కంటే పందికొక్కు పాత్ర ఎక్కువ. కైకలూరు వైపు నుంచి బావమరిది రొయ్యలూ బొచ్చె చేపా తెచ్చాడు. రొయ్య తలకాయలు, పొట్టు, చేప పొలుసులు మొక్కలకు మంచి బలమని ఎక్కడో విన్నాను. బలమే, గోతిలో లోతుగా పాతిపెడితే. నేను డ్రమ్ములో పై పొరలో దాచాను. రాత్రికి పిల్లి, పిల్లి తర్వాత పందికొక్కు. తెల్లారేసరికి డ్రమ్ము పడిపోయి, ఎరువు మెట్ల దాకా పరుచుకుని, దాని మీద ఎర్రచీమల బారు. ఆ చీమలకు నేను కనిపెట్టిన మందు ఇంకా ఘనమైనది. బజార్లో దొరికే చీమల చాక్‌పీసు తెచ్చి డ్రమ్ము అంచు లోపలా బయటా గీతలు గీశాను. అందులో ఉండేది పైరిథ్రాయిడ్ జాతి మందు. చీమలు ఆగాయి. గీత దాటిన ఎర్రలు కూడా ఆగాయి. పాతకాలంలో పాలూ నెయ్యీ దాచే బల్ల కాళ్లు నీళ్ల గిన్నెల్లో పెట్టేవాళ్లు. డ్రమ్ముని నాలుగు ఇటుకల మీదికెక్కించి, ఇటుకల కింద నీళ్లు పోసిన పళ్లేలు పెట్టింది మా ఆవిడ. అప్పటినుంచి చీమ రాలేదు.

పేడ కథ కొంచెం వివరంగా చెప్పాలి. అందులో తప్పు నాదేనని చాలామంది ఒప్పుకోరు. నేనే ఒప్పుకుంటున్నాను.

చాక్‌పీసు దెబ్బకి డ్రమ్ములో సగం పోయాయి. కొత్త బెడ్ వేద్దామని పెనమలూరు దగ్గర గేదెలున్న ఒక బాబాయి ఇంటికి వెళ్లాను. దిబ్బ మీద మాగిన పేడ ఉంది, ఎండి, పెళుసుబారి, చూడ్డానికి బాగోలేదు. పాకలో ఆ పూట పేడ ఉంది, పచ్చగా, నిగనిగలాడుతూ. నేను పాకలోది అడిగాను. బాబాయి గర్వంగా అన్నాడు, “తీస్కెళ్లండి మాస్టారూ. మొన్ననే నట్టల మందు తాగించాం. కడుపులో పురుగన్నది లేకుండా కొట్టుకుపోయింది. మా గేదె పేడంత శుభ్రమైన పేడ ఈ చుట్టుపక్కల దొరకదు.” నేను సంతోషించాను. శుభ్రమైన పేడ దొరికిందని డబ్బులు కూడా నాలుగు ఎక్కువిచ్చాను.

పురుగులు చావడానికి మందు వేసిన పేడను పురుగులకు మేతగా మోసుకెళ్తున్నానని స్కూటరు మీద కూచున్న జువాలజీ లెక్చరర్‌కి తట్టలేదు. పశువుకి వేసే నట్టల మందులు చాలావరకు పేడలో కొంత బయటికి వస్తాయి. ఆల్బెండజోల్, ఫెన్‌బెండజోల్ బెంజిమిడజోల్ కుటుంబం. మిరప, మామిడి తోటల్లో తెగుళ్లకు కొట్టే కార్బెండజిమ్ అదే కుటుంబం. అది వానపాములకు ఎంత విషమంటే, కొత్త మందు ఏదైనా వానపాములకు ఎంత హాని చేస్తుందో పరీక్షించేటప్పుడు పోల్చి చూడటానికి దాన్నే వాడతారు. ఐవర్‌మెక్టిన్ వేస్తే పేడపురుగుల పిల్లలు కూడా ఆ పేడలో బతకడం కష్టం. మందుకి పేగులో పురుగేదో పెంటలో పురుగేదో తేడా తెలియదు. ఆ తేడా తెలియాల్సింది నాకు. పేడ తెచ్చుకునే ముందు గేదెకి మందు ఎప్పుడు వేశారని అడగాలి. ఈమధ్యే అంటే కొన్ని వారాలు ఆగాలి. నేను అడక్కుండానే ఆయన చెప్పాడు, అయినా ఆగలేదు.

దానికి తోడు అది పచ్చి పేడ. కుప్పగా పోసిన పచ్చి పేడ లోపల సూక్ష్మజీవులు పనిలో పడితే వేడి అరవై డిగ్రీల దాకా వెళ్లగలదు. వానపాములకు ముప్పై అయిదు దాటితేనే కష్టం. మర్నాడు పొద్దున డ్రమ్ములో చెయ్యి పెడితే చురుక్కుమంది. బతికున్నవాటిని మాత్రం కింద పొర నుంచి ఏరుకోగలిగాను. వేడికి పోయాయా, మందుకి పోయాయా? రెండు తప్పులూ ఒకే తట్టలో మోసుకొచ్చినవాడు ఆ విచారణ జరపలేడు. అసలు శవాలు కూడా దొరకవు. ఎముకా పెంకూ లేని ఒళ్లు, ఎక్కువ భాగం నీరు. చచ్చిన రెండు రోజులకే కరిగి కలిసిపోతుంది. డ్రమ్ము తెరిస్తే ఖాళీ, అంతే. వెళ్లిపోయాయేమో అనుకునే వెసులుబాటు ఒక్కటే మనకు మిగులుతుంది. నేను దాన్ని బాగా వాడుకున్నాను. “వానపాములకు మన ఎండ పడలేదు” అని అందరికీ చెప్పాను. విజయవాడ ఎండ మీద ఏ నేరం మోపినా ఎవరూ కాదనరు.

తర్వాత కొంతకాలం బుద్ధిగా ఉన్నాను. కంకిపాడు నుంచి మళ్లీ తెచ్చి, మాగిన పేడలోనే వేసి, తడి గోనె కప్పి, మే నెల వచ్చేసరికి డ్రమ్ము నిండా చేశాను. బయట నలభై అయిదు డిగ్రీలు. రోళ్లు పగిలే రోహిణి కార్తెలో కూడా మెట్ల కింద నీడలో అవి హాయిగా ఉన్నాయి. గోనె మీద రోజుకు రెండు పూటలా నీళ్లు చల్లేవాణ్ణి. నిజంగా గర్వపడాల్సిన సమయం అది. గర్వపడ్డాను.

ఆవకాయ కలిపే రోజొచ్చింది. నూజివీడు నుంచి కాయలొచ్చాయి. మా ఆవిడా, వాళ్ల చెల్లెలూ హాల్లో గుడ్డ పరిచి ముక్కలు తుడుస్తున్నారు. కొత్తది పెట్టాలంటే పాత జాడీ ఖాళీ కావాలి. దాని అడుగున కిందటేడాది ఆవకాయ కొంత మిగిలి, పైన బూజు పట్టి ఉంది. జాడీలో తడి గరిటె ఎవరు పెట్టారన్నది మా ఇంట్లో ఇప్పటికీ తేలని కేసు. (నేనే.)

“అది తీసి పచ్చబుట్టలో పడేయండి” అంది మా ఆవిడ. వినడానికే కష్టంగా ఉంది. నూజివీడు కాయ, గానుగ నూనె, ఆవిడ ఎండలో కూచుని చేసిన చాకిరీ, నా తడి గరిటె. ఈ నాలుగూ కలిసిన పదార్థం చెత్త బండిలోకి ఎలా పోతుంది? ముక్కలు కుళాయి కింద ఒకసారి కడిగాను. పిండి కడిగితే పోతుందని కడగలేదు. ఉప్పు గురించి ఆలోచించలేదా అంటే, ఆలోచించాను. జాడీ అడుగున ఉన్న ఉప్పు డ్రమ్మంతా పరుచుకుంటే ఎంత పల్చబడుతుందో నోటిలెక్క వేశాను. ఫరవాలేదని తేలింది. లెక్క డ్రమ్మంతటికీ వేశాను, పోసింది మాత్రం ఒక్క చోట. పైన పేపరు కప్పాను. మళ్లీ ఆ తేలిక.

ఇప్పుడు ఆలోచిస్తే నవ్వొస్తుంది. ఆవకాయ పెట్టేదే అందులో ఏ ప్రాణీ బతక్కూడదని. ఉప్పు, ఆవపిండి, కారం, పైన తేలేలా నూనె. ఏడాది పొడుగునా సూక్ష్మజీవి కూడా కాలు పెట్టకుండా మన పెద్దవాళ్లు కనిపెట్టిన ఏర్పాటది. దాన్ని నేను తీసుకెళ్లి సూక్ష్మజీవుల మీద ఆధారపడి బతికే జీవుల నెత్తిన పోశాను.

అందులోనూ ఆవ. వానపాముల మీద పరిశోధన చేసేవాళ్లు నేలలో అవి ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టాలి. పార వేస్తే తెగిపోతాయి, లోతున ఉన్నవి దొరకవు. అందుకని ఆవపిండి నీళ్లలో కలిపి, కొలిచి గీసిన చోట నేల మీద పోస్తారు. ఆవ ఘాటుకి కారణమైన అల్లైల్ ఐసోథయోసయనేట్ వాటి చర్మాన్ని మండిస్తుంది. బొరియల్లో ఉన్నవన్నీ పైకొచ్చేస్తాయి. ఏరి, మంచినీళ్లతో కడిగి, లెక్కపెట్టుకుంటారు. వాళ్లు వాడేది పల్చటి ఆవనీళ్లు. నేను వాడింది జాడీ.

రాత్రి ఏ వేళో మా ఆవిడ నీళ్లకని లేచి, వరండా తలుపు తీసి, అక్కణ్ణుంచే కేకేసింది. “ఏవండీ, మీ క్లాసంతా మెట్ల మీదికొచ్చింది, లేవండి.”

లేచి చూశాను. డ్రమ్ము అంచు దాటి, ఇటుకలు దిగి, పళ్లేల్లో నీళ్లలో కొన్ని, గచ్చు మీద కొన్ని, రెండో మెట్టు దాకా కొన్ని. ఉప్పు తగిలితే చర్మం గుండా ఒంట్లో నీరు బయటికి లాగేస్తుంది. ద్రవాభిసరణ. ఇదీ నేను చెప్పిన పాఠమే, ఎండు ద్రాక్ష బొమ్మ కూడా గీసేవాణ్ణి. కదలగలిగినవి కదిలాయి. కదల్లేనివి డ్రమ్ములోనే ఉన్నాయి. టార్చి వేసుకుని, వేళ్లతో నొక్కకుండా తమలపాకు మీదికెక్కించి, మరదలూ మా ఆవిడా నేనూ తెల్లారేదాకా ఏరాం. ఏరినవాటిని మాగిన పేడ ఉన్న కుండీలో వేశాం. మెట్ల లైటు వేసి ఉంచితే బయటికే వచ్చేవి కావు, వెలుతురు వాటికి పడదు. ఆ సంగతి కూడా సిలబస్‌లో ఉంది. మరదలు ఏరుతూ ఏరుతూ “బావగారూ, దీనికంటే పచ్చబుట్ట నయం కదా” అంది. ఆ పిల్ల కామర్స్ చదివింది.

మర్నాడు డ్రమ్ములోంచి గుప్పెడు ఎరువు కవర్లో వేసుకుని కంకిపాడు వెళ్లాను. జబ్బేదో చేసి పోతున్నాయని చెప్పాలని నా ఆలోచన. రైతు కవరు తీసుకుని, వేళ్లతో నలిపి, ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. మళ్లీ పెట్టుకున్నాడు. నా వైపు చూశాడు.

“మాస్టారూ, ఏం పెట్టారండి?”

“ఏమీ లేదు. మామూలు కూరగాయల తొక్కలే.”

“ఇందులో నాలుగు మెతుకులు కలుపుకుంటే వేరే కూర అక్కర్లేదండి” అన్నాడు.

నేను నిజం చెప్పేశాను. పులిహోర, బత్తాయి, రొయ్య తలకాయలు, చాక్‌పీసు, నట్టల మందు, జాడీ, వరసగా. ఆయన నవ్వలేదు. నవ్వితే బాగుండేది. “ఆ నాలుగే కదండీ నేను వద్దన్నది” అన్నాడు, కొంచెం బాధగా. డ్రమ్ములో మిగిలింది మొత్తం పారేయొద్దన్నాడు. ఆవకాయ పడిన భాగం తీసేసి, మిగతాదాన్ని నీళ్లతో బాగా కడిగి వార్చి, నీడలో ఉంచమన్నాడు. తల్లులు పోయినా గుడ్ల సంచులు అంత తేలిగ్గా పోవట. నిమ్మగింజ అంత కూడా లేని ఆ గూళ్ల గట్టితనం గురించి నేను ఆయనకు పాఠం చెప్పగలిగేవాణ్ణి. చెప్పలేదు. నా జీవితంలో వానపాము ప్రసక్తి వచ్చీ నేను నోరు మూసుకున్నది ఆ ఒక్కసారే.

ఇంటికొచ్చాక డ్రమ్ము మా ఆవిడ చేతికి వెళ్లింది. ఆవిడ పుస్తకం చదవలేదు, కంకిపాడు రాలేదు. ఒక్క మాట పెట్టింది: పొయ్యి ఎక్కినది లోపలికి పోకూడదు. కడిగి, కోసి, చెక్కు తీసినప్పుడు వచ్చేదే డ్రమ్ముది. ఉప్పు, పులుపు, నూనె, నీసు అన్న నాలుగింట్లో చాలాభాగం ఈ ఒక్క మాటలో పోతుంది. కాచిన టీ పొడిని మినహాయించింది. నిమ్మ, బత్తాయి తొక్కలు ఒకటీ అరా చిన్నగా తుంచి వేస్తుంది. ఉల్లిపొట్టు వేస్తుంది, ఎక్కువ కాకుండా. గుమ్మడి, పుచ్చకాయ తొక్కలంటే ఎర్రలు ఎగబడతాయని ఆవిడే కనిపెట్టింది. కొత్తగా వేసే ముందు పాతది అయిందో లేదో పేపరు ఎత్తి చూస్తుంది. నేను ఇన్నాళ్లూ చేయనిది అదే.

అయితే పొయ్యి ఎక్కి మిగిలినదాని మాటేమిటి? నన్ను కొరికేది ఇప్పటికీ అదే. నేను డ్రమ్ములో పోసినవన్నీ ఒక్కసారి గుర్తుచేసుకుంటే, చెక్కులూ తొక్కలూ ఏ రోజూ హాని చేయలేదు. హాని చేసినవి ఎక్కువ వండినవి, ఎక్కువ తెచ్చినవి, ఊరికే వచ్చాయని మోసుకొచ్చినవి, చూసుకోక పాడుచేసినవి. ఎరువు చేయాలని కాదు నేను వాటిని లోపల పోసింది. కంటికి కనపడకుండా, పాపం అంటకుండా ఎవరో తినేస్తారని. తినేవాళ్లకు కడుపు ఎంత, నోరు ఎలాంటిది అన్నది నాకు పట్టలేదు. మా ఆవిడకు ఈ మాట చెబితే, “రాత్రికి రెండు గ్లాసుల బియ్యం బదులు గ్లాసున్నర పోస్తున్నాను, మీరు చూసుకోలేదు” అంది. ఎప్పటినుంచి అని అడిగితే, ఆవకాయ రాత్రి నుంచి అంది.

నేను పూర్తిగా మారానని ఎవరైనా అనుకుంటారేమో, ఇది కూడా చెబుతాను. 2022 జులైలో ఒకసారి వాడి పారేసే ప్లాస్టిక్ సామాన్ల మీద నిషేధం వచ్చాక, బజార్లో పచ్చరంగు కవర్లు ఎక్కువయ్యాయి. మీద ఆకు బొమ్మ, ‘కంపోస్టబుల్’ అని అక్షరాలు. కంపోస్టు అయ్యే కవరు, మన దగ్గర కంపోస్టు డ్రమ్ము. మా ఆవిడ ఊళ్లో లేని రోజు చూసి నాలుగు కవర్లు కత్తిరించి లోపల కలిపేశాను. వీటికి కొలబద్దగా పెట్టుకున్న ఐఎస్ఓ 17088 పెద్ద కర్మాగారాల్లో, యాభై ఎనిమిది డిగ్రీల దగ్గర జరిగే కంపోస్టు కోసం. ఆ వేడి మా డ్రమ్ములో పుడితే కవరుతోపాటు ఎర్రలు కూడా పోతాయి. పచ్చి పేడతో ఆ ప్రయోగం ముందే చేసి ఉన్నాను కదా.

కవరు ముక్కలు ఇప్పుడు కరివేపాకు కుండీలో, మల్లె పాదులో, తులసికోటలో తేలుతున్నాయి. మా ఆవిడ ఏరి, కడిగి, ఒక హార్లిక్స్ సీసాలో వేస్తోంది. చుట్టాలెవరైనా వచ్చి నా వానపాముల గురించి అడిగితే ముందు ఆ సీసా చూపించి, తర్వాత కాఫీ పెడుతుంది.